ఉమ్మనీటి సాక్ష్యం

నా బంగారు అమ్మకి,

నీ అల్లుడు దేవుడమ్మా! నాకు షుగరు కాస్త ఎక్కువుందని డాక్టరమ్మ ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే మీటరు ఇచ్చింది కదా. సూది చూస్తేనే నాకు పైప్రాణాలు పైనే పోతాయి. "రోజంతా సూదితోనే బతికేవాణ్ణి, నాకన్నా ఎవడికి తెలుసే? నువ్వు కళ్ళు మూసుకో" అని రోజూ ఆయనే గుచ్చి చూస్తున్నాడు. ఎంతైనా దర్జీ చెయ్యి. చీమ కుట్టినట్టుంటుంది, అంతే.

ఏం లాభం? అంకె మాత్రం దిగిరానంటోంది. తీపి మానేశాను, గడ్డీ గాదం తింటున్నాను. చూడ్డానికొచ్చినవాళ్ళు తెచ్చిన మిఠాయిలు పాడైపోతాయని పాపం ఆయనే కష్టపడి తింటున్నాడు.

నువ్వు నవ్వుతావు గానీ, నాకు ఏడుపొస్తోంది. ఇద్దర్ని కడుపులోనే పోగొట్టుకున్నాను. ఈ బిడ్డకి నా రక్తమే విషమవుతుందేమోనని భయం. ఆయనతో అనలేదు, నీకే చెబుతున్నాను. రేపు ఉమ్మనీరు తీసి పరీక్ష చేస్తారట. బిడ్డ చుట్టూ ఉన్న ఆ నీళ్ళలోనూ చక్కెర పెరిగి ఉంటే ఇక ఇన్సులినేనట.

నోరు కట్టుకున్న నీ కూతురు


అమ్మా, నా తల్లీ,

ఆయన్ని దేవుడన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఉమ్మనీళ్ళలో చక్కెర ఎంతుండాలో అంతే ఉంది. వెంటనే నా రక్తమూ తీసి చూశారు, అదీ మామూలే. డాక్టరమ్మ మీటరు అటూ ఇటూ తిప్పి, "తల్లికి ఇంత షుగరుంటే ఆ నీళ్ళకి తెలియకుండా ఉంటుందా? ఈ అంకెలు ఎవరివి?" అంది. నీ అల్లుడు నేలచూపులు చూశాడు.

"దాన్ని గుచ్చడానికి చెయ్యి రాలేదండీ. గోటితో గిల్లి..."

"గిల్లి?"

"నా వేలు గుచ్చుకున్నాను. ఇద్దరం ఒకే వంట తింటున్నాం కదా, ఎవరి రక్తమైతేనేం అనుకున్నాను."

దర్జీ వేలికి ఇంకో పోటు పడితే ఎవరికి కనిపిస్తుందమ్మా! ఇన్నాళ్ళూ నేను ఆయన షుగరుకి పథ్యం చేశాను. "ఈ లెక్కలు నమ్మి ఆమెకి ఇన్సులిన్ ఇచ్చుంటే తల్లీబిడ్డా ఏమయ్యేవాళ్ళు?" అని డాక్టరమ్మ కడిగిపారేసింది. అప్పుడు కూలబడ్డాడు. చంటిపిల్లాడిలా ఏడ్చాడు. తిడదామని తెరిచిన నోరు మూసేసుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది, కానీ హాయిగా. నా రక్తం నా బిడ్డకి ఏ కీడూ చెయ్యలేదమ్మా.

ఆయనకి బాగా ముదిరిన షుగరట. డాక్టరమ్మ పథ్యం చీటీలో నా పేరు కొట్టేసి ఆయన పేరు రాసింది. గుమ్మం దగ్గర నర్సు ఆయన చేతిలోంచి ఆ చీటీ అందుకుని, తలెత్తకుండానే అలవాటుగా అడిగింది: "ఎన్నో నెల?"

ఇంకా నవ్వాపుకోలేని నీ కూతురు