పిడుదుల కస్టమర్లు

గడియారాల మావయ్యకి గిరగిర నమస్కారాలు.

చిన్నప్పుడు నీ బల్ల మీది వాచీ చక్రాలన్నీ తిప్పి పారేసినందుకు నువ్వు పెట్టిన ఈ ‘గిరగిర’ పేరు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదులే.

నీతో పని పడింది. మా ల్యాబులో ఇప్పుడు పిడుదుల మీద పరిశోధన చేస్తున్నాం. అవే మావయ్యా, కుక్క చెవుల్లో పట్టుకుని రక్తం తాగే పురుగులు. అడవి జంతువుల నుంచి మనుషులకి ఒక జ్వరం మోసుకొస్తున్నాయి. మీ వీధి అడవిని ఆనుకునే ఉంది కదా, ఎవరికైనా పిడుదు పట్టుకుంటే నీ దగ్గరికి రమ్మను. నీ దగ్గరున్నంత సన్నని పట్టకారు ఏ డాక్టరు దగ్గరా ఉండదు. చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా, నిదానంగా పైకి లాగాలి. నూనె పొయ్యొద్దు, అగ్గిపుల్ల అంటించొద్దు. తీసినదాన్ని స్పిరిట్ సీసాలో వేసి, ఎవరిదో రాసి పంపు. గడ్డిలోకి వెళ్ళేవాళ్ళని పొడుగు మేజోళ్ళు వేసుకోమను.

నీ గిరగిర

తా.క. ఫోన్లో చెబుదామంటే నీకు సగమే వినబడుతుంది. మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు.

---

చిరంజీవి గిరగిరని మావయ్య ఆశీర్వదించి రాసేది.

నీ చేతిరాత చూసి ఎన్నాళ్ళయిందే! ఫోన్లో అయితే "ఎలా ఉన్నావు, ఉంటాను" అని ఒకే ఊపిరిలో అనేస్తావు. నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. తర్వాత ఆవిడ నాకు చదివి వినిపించింది.

మొదటి కస్టమరు బేకరీ ఆయన. మెడ వెనక పట్టుకుంది. కంటికి భూతద్దం తగిలించి, ఊపిరి బిగబట్టి లాగాను. ఒక్క కాలు విరిగితే ఒట్టు.

సీసా పంపుతున్నాను. ఖాళీగా ఉందని కంగారు పడకు. తీసిన పాత సామాను కస్టమరు చేతికే ఇచ్చెయ్యడం మన షాపు పద్ధతి. లేకపోతే మంచిది కాజేశామంటారు. చక్కగా పొట్లం కట్టి ఇచ్చాను.

దీనికంతటికీ మన పెరట్లోకొచ్చే జింకే కారణమని మీ అత్తయ్యతో అన్నాను. దానికి చేత్తో ఆకులు తినిపించే మనిషాయె, నాతో మాటలు మానేసింది.

నీ మావయ్య

తా.క. బేకరీ ఆయనకి ఆరునెలల గ్యారంటీ కూడా ఇచ్చాను.

---

మావయ్యకి కోపంతో నమస్కారాలు.

పిడుదుని పొట్లం కట్టి ఇస్తావా! ఆయన దాన్నేం చేసుకుంటాడు? ఇకమీదట ఎవరికీ తిరిగివ్వొద్దు, అన్నీ నాకే.

అత్తయ్యకి క్షమాపణ చెప్పు. ఈ జ్వరం జింక ఇచ్చేది కాదు. పిల్ల పిడుదు అడవి ఎలుకని కుట్టినప్పుడు ఆ క్రిమి దాని కడుపులోకి చేరుతుంది. ఎలుకకి ఏమీ కాదు. కొంచెం పెరిగాక అదే పిడుదు మనిషిని కుడితే మనిషి మంచాన పడతాడు. జింక పెద్ద పిడుదులకి ఉత్త బస్సు. ఎక్కించుకుని, భోజనం పెట్టి, ఊరంతా తిప్పుతుంది, అంతే.

నీ గిరగిర

తా.క. బేకరీ ఆయన ఆ పొట్లం ఎక్కడ పెట్టాడో కనుక్కో. పిండి డబ్బాల పక్కన మాత్రం కాకూడదు.

---

చిరంజీవి గిరగిరకి మావయ్య దీవెనలు.

ఈసారి సీసాలు నిండుగా పంపుతున్నాను. షాపు కిటకిటలాడిపోతోందనుకో! టీచరమ్మకి మోకాలి వెనక నిన్న పొద్దుటి నుంచీ పట్టుకుని తాగుతోందట. పోస్ట్‌మ్యానుకి చీలమండ దగ్గర. కుట్టుమిషను ఆయన ఎక్కడ పట్టుకుందో చెప్పడానికే సిగ్గుపడ్డాడు. సీసా మీద కూడా రాయలేదు.

అందగానే జవాబు రాయి. పొడుగ్గా రాయి. నీ ఉత్తరం వచ్చేదాకా పాపం కస్టమర్లకి మనసు మనసులో ఉండదు.

నీ మావయ్య

తా.క. జింక నిర్దోషి అని చదవగానే మీ అత్తయ్య నాతో మాట్లాడింది. ఇప్పుడు పిల్లితో మానేసింది, ఎలుకల్ని పట్టడం లేదని.

---

మావయ్యకి గిరగిర నమస్కారాలు.

వరసగా నువ్వు పంపిన సీసాలు చూసి మా పెద్దాఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మ్యాపులో గుండుసూదులు గుచ్చీ గుచ్చీ మీ వీధే కనబడ్డం లేదు. వచ్చేవారం మందు కొట్టే వ్యాను, మైకు, గడ్డి కోసే మనుషులు వస్తారు. నీ కస్టమర్లందరినీ వరసగా నిలబెట్టి మాట్లాడతారట.

ఇంకో మాట, జాగ్రత్తగా చదువు. ఎవరికైనా జ్వరం, ఒళ్ళునొప్పులు, కుట్టినచోట రోజురోజుకీ పెరిగే ఎర్రటి వలయం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి పంపు. తొందరగా మాత్రలు మొదలెడితే తగ్గిపోతుంది. ఆలస్యమైతే కీళ్ళనీ గుండెనీ కూడా పట్టుకోవచ్చు.

నీ గిరగిర

తా.క. పోస్ట్‌మ్యానుకి ఇది మూడోసారి. ఆయన ఉత్తరాలు పంచుతున్నాడా, గడ్డిలో పొర్లుతున్నాడా?

---

చిరంజీవి గిరగిరకి,

వ్యాను వద్దని చెప్పవే తల్లీ. ఇక్కడి జనం మొహమాటస్తులు. మైకు చూస్తే "మాకేం కుట్టలేదు" అనేస్తారు. తర్వాత మీ ఆఫీసువాళ్ళు నా మాట నమ్మరు.

ఒక కస్టమరు సంగతి అడగాలి. నా వయసువాడే, నా అంత అందగాడు. పిక్క మీద వలయం లేచింది. వాల్‌క్లాక్ డయలులా మధ్యలో తెల్లగా ఉండి పెరుగుతోంది. చలి, ఒళ్ళునొప్పులు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎలా కుట్టిందో చెప్పాల్సొస్తుందని జంకుతున్నాడు. ఇంట్లో ఆవిడకి కనబడకుండా ప్యాంటు కిందికి లాక్కుంటూ తిరుగుతున్నాడు. మొండి ఘటం. వాడి పురుగుని విడిగా సీసాలో వేసి పంపుతున్నాను. వాడికి ఏం చెప్పమంటావు?

నీ మావయ్య

తా.క. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. కలానికి కూడా కొంచెం చలిగా ఉంది.

---

మొండి కస్టమరుకి,

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. నీ రిపేరు బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. నువ్వు మాత్ర వేసుకుని పక్కగదిలో గురక పెడుతున్నావు.

నువ్వు పంపినవన్నీ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. అంతసేపు రక్తం తాగిన పిడుదు గింజలా ఉబ్బాలి. టీచరమ్మది పలచగా ఉంది. పోస్ట్‌మ్యానువి మూడూ పలచగానే. అవి ఎవర్నీ కుట్టలేదు మావయ్యా, గడ్డి పరకల మీంచి ఏరినవి. మొండి కస్టమరు సీసాలోది ఒక్కటే ఉబ్బింది. ఆ మొండివాడెవరో తెలిసిపోయి వెంటనే అత్తయ్యకి ఫోన్ చేశాను. ఆవిడ నీ ప్యాంటు పైకెత్తి చూసి, చొక్కా పట్టుకుని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది.

బేకరీ ఆయన తర్వాత ఊరంతా పొడుగు మేజోళ్ళు తొడిగిందట. ఒక్క కస్టమరూ రాలేదట. పురుగులు లేకపోతే గిరగిర నాకెందుకు రాస్తుందని, రోజూ సాయంత్రం ఉత్త కాళ్ళతో గడ్డిలో తిరిగావట. అత్తయ్య చెబుతుంటే ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపు ఆగలేదు. నీ మీద కోపంగా ఉంది. నా మీద ఇంకా కోపంగా ఉంది. సమయానికే తీసుకొచ్చారు, తగ్గిపోతుందని డాక్టరు అన్నాడు. ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను.

పెద్దాఫీసరుకి నిజం చెప్పేశాను. సూదులు పీకుతూ నన్ను తిడుతున్నాడు. ఒక్క సూది మాత్రం ఉంచమన్నాను, అది నీది. ఇకమీదట ఏ పనీ లేకపోయినా రాస్తాను మావయ్యా. నువ్వూ రాయి.

నీ గిరగిర

తా.క. బస్సు దిగి కంగారులో అడ్డదారిన, గడ్డిలోంచి, మేజోళ్ళు లేకుండా పరిగెత్తుకొచ్చాను. ఇప్పుడే చూసుకున్నాను, నా పిక్క మీద ఒకటుంది. ఆలస్యం చెయ్యకూడదని అందరికీ చెప్పేది నేనే. అత్తయ్యకి నీ పట్టకారు పట్టడం రాదు, నాకు కళ్ళు మసకగా ఉన్నాయి. అందుకే నిన్ను లేపుతున్నాను. లే మావయ్యా, నిజం కస్టమరొచ్చింది.