వేలాడేవాళ్ల బరువు

జూన్ 3
ఇవాళ కూడా నా లెక్కల కాగితం మీద కాఫీ కప్పు పెట్టాడు మాంగ్ టెర్యో. ఈ లీపా ఊళ్లో నలభై ఏళ్లుగా జీప్నీలు, అదే జనాన్నెక్కించే పొడుగు జీపులు, కడుతున్న పెద్దమేస్త్రి. ఒక్క అంకె రాయడు. బంపర్ మీద కాలేసి తొక్కుతాడు, ఊగడం చూస్తాడు, సరే అంటాడు. అదే ఆయన డిజైన్! వెల్డింగ్ చేసే నేను నోర్మూసుకోవాలి.

ఈ బండి అలింగ్ సెపాది. కొండ రూట్లో తనే నడుపుతుంది. లోపల ఎదురెదురు బెంచీల్లో వరసకి తొమ్మిది మంది పట్టాలంది. అంటే తోక పెంచాలి. వెనక ఇరుసు దాటి బరువు పడితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు మాట వినదు అని అరిచాను. అయితే నువ్వే లెక్కెయ్యి ఇంజినీరమ్మా, నువ్వన్నట్టే కడతా అన్నాడు. ఎగతాళనుకున్నా.

జూన్ 4
ఎగతాళి కాదు.

జూన్ 7
నా చదువు హైస్కూల్ రెండో ఏడు. మిగతాదంతా పాతసామాన్ల కొట్లో దొరికిన మెకానిక్స్ పుస్తకం, అదీ సగం చెదలు తిన్నది. బరువు ఇంటూ దూరం. ఆ ఒక్కటీ పట్టుకుని మూడు రోజులు కూర్చున్నా. డ్రైవరు, పక్కన ఇద్దరు, లోపల పద్దెనిమిది మంది, పైన బియ్యం బస్తాలు. తోక అరమీటరు పెంచొచ్చు.

మాంగ్ టెర్యో కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చదివాడు. తిప్పి పెట్టాను. నాకు తెలుసులేవే అని తిట్టాడు. తర్వాత అందరికీ లోమీ నూడుల్స్ తెప్పించి, నా గిన్నెలో ఒక గుడ్డు ఎక్కువ వేయించాడు.

జూన్ 15
వెల్డింగ్ అయిపోయింది. నా తోక. ముద్దొస్తోంది.

జూన్ 18, సాయంత్రం 5
ట్రయల్. ఆయనే నడిపాడు, పక్కన నేను. వీధి వీధంతా ఎక్కేసింది. వాన. కాలేజీ వదిలే టైము. ఆరుగురు కుర్రాళ్లు వెనక మెట్టు మీదికి దూకి కమ్మీ పట్టుకుని వేలాడారు. రోజూ ఉండేదే, నేనూ అలాగే బడికెళ్లా. ఎత్తు మలుపులో ఆయన స్టీరింగు తిప్పాడు. బండి తిరగలేదు. కాలవకి జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. వెనక వెధవలు ఇంకోసారి, ఇంకోసారి అని కేకలు.

వేలాడేవాళ్లని లెక్కలో వెయ్యలేదు. బియ్యం బస్తాలు గుర్తొచ్చాయి నాకు, మనుషులు గుర్తురాలేదు!

ఆరుగురు, తలా అరవై కిలోలు, ఇరుసుకి రెండు మీటర్ల వెనక. ఇరుసుల మధ్య మూడు మీటర్లు. ముందు చక్రాల మీంచి 240 కిలోలు లేపేశారు.

జూన్ 19
పనిలోంచి తీసెయ్యమన్నా. తియ్యనన్నాడు. నేనూ పాతికేళ్లు వేలాడుతూనే పనికొచ్చా, నాకు మాత్రం గుర్తొచ్చిందా అన్నాడు. తిట్టొచ్చుగా! వెనక మెట్టు పీకేద్దాం అన్నా. వానలో నిలబడ్డవాణ్ని దిగమనే డ్రైవరు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు, మళ్లీ లెక్కెయ్యి అన్నాడు.

జూన్ 20
అలింగ్ సెపాకి నేనే చెప్పా. మొత్తం విని, మా చిన్నోడు ఎప్పుడూ వెనకే వేలాడతాడు, లోపల కూర్చోమంటే వినడు అంది. అంతే అంది.

జూన్ 28
నా వెల్డింగ్ నేనే కోశాను. వెనక ఇరుసు అరమీటరు వెనక్కి జరిపా. చక్రాలు తిప్పే డ్రైవ్‌షాఫ్ట్ కొత్తది, పొడుగుది. ఇప్పుడు వేలాడేవాళ్లు ఇరుసుకి ఒకటిన్నర మీటర్లే. ఇరుసుల మధ్య మూడున్నర. లేపేది 154 కిలోలు. ఆయన కాగితం తిన్నగానే పట్టుకున్నాడు. ఆ తర్వాత వెళ్లి బంపర్ తొక్కాడు.

జూలై 6
అదే మలుపు. అలింగ్ సెపా స్టీరింగు దగ్గర. వెనక ఆరుగురం వేలాడాం. మలుపు ముందు మాంగ్ టెర్యో కూడా దూకి కమ్మీ పట్టుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. దిగమన్నా, వినలేదు. ఏడోవాడు నా లెక్కలో లేడు.

బండి తిరిగింది.