చెవులున్న ఒక్క కాపలావాడు

మార్కాపురం, ఆదివారం రాత్రి

పక్కింటి షబానా మూడేళ్లుగా ఒక్కతే తయారుచేస్తున్న వీడియో గేమ్‌ను ఈ మధ్యాహ్నం ఆడి చూశాను. మాంత్రికుడి కోటలోకి ఎవరి కంటా పడకుండా దూరి, ఒక దీపం ఎత్తుకురావాలి. కోటంతా మా ఊరి పలకరాయే. కాలికింద పలక ముక్కలు నలిగే చప్పుడు కోసం తను గనుల దగ్గరి గుట్టలెక్కి ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. అచ్చం అదే చప్పుడు. కానీ వాటి మీద పరుగెత్తినా పక్కనున్న కాపలావాడు తల తిప్పడు. పలక ముక్కల మీద చప్పుడు కాకుండా నడవడం ఎవరి వల్లా కాదని ఈ ఊరి పిల్లకు తెలియదా?

అదే అడిగాను.

"వాళ్లకు వినబడితే ఆట రెండు నిమిషాల్లో అయిపోతాదక్కా. ఇంక నా కోట ఎవరు చూస్తారు?" అంది.

దొరికిపోతానన్న భయం లేక నేను కోటంతా పరుగెత్తి వచ్చాను. ఏమీ చూడలేదు. బావి దగ్గర మాత్రం ఒక కాపలావాడు గిరుక్కున తిరిగాడు. గోడకు అతుక్కుపోయి కదలకుండా నిలబడ్డాను. అప్పుడు కనిపించింది, తడి పలక మీద వణుకుతున్న దీపం వెలుగు. ఎంత బాగుందో. ఇప్పటికీ కళ్లముందున్నది అదొక్కటే.

"వాడెందుకు తిరిగినాడో... ఏదో తప్పు పోయిందక్కా. రాత్రికి సరిచేస్తా," అని నొచ్చుకుంటూ నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ ముఖం చూసి, వాణ్ని అలాగే ఉంచమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వాళ్ల గదిలో లైటు ఇంకా వెలుగుతోంది. బావి దగ్గర వాడు కూడా ఈపాటికి చెవిటివాడైపోయాడేమో.