మొదటి సగం చదవని పిల్లకు నా రెండు గదులు

నేను, పుస్తకాలు కుట్టి బతికినదాన్ని, పెళ్లి చేసుకోనిదాన్ని, అరవై నాలుగేళ్లదాన్ని. ఇక మందులు నొప్పికే తప్ప రోగానికి కాదని డాక్టరు చెప్పేశాక, తెలివి చక్కగా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, బతిమాలకుండా, నా అంతట నేను రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు మరొకటి రాయలేదు. నా తెలివి మీద అనుమానం ఉన్నవారు, ఈమధ్య నేను చదివిన పుస్తకాలు చదివి చూసి, ఆ తర్వాత మాట్లాడాలి.

1. మా అన్నయ్య నా ప్రతి పుట్టినరోజుకూ ఇచ్చిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ ఆయనకే తిరిగి దఖలు పరచవలసినది. పొద్దున్నే లేస్తే జీవితం మారిపోతుందని అన్నిటిలోనూ ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ పొద్దెక్కేదాకా పడుకోలేదు. ఇవి తప్ప ఆయనకు నా ఆస్తిలో చిల్లిగవ్వ కూడా చెందదు. కారణం అయిదో అంశంలో ఉంది.

2. డిటెక్టివ్ నవలల బీరువా మందుల షాపాయనకు. పాపం, పిచ్చి ఇష్టం ఆయనకు. హంతకుడెవరో ప్రతి పుస్తకం మొదటి పేజీలోనే పెన్సిల్‌తో రాసిపెట్టాను. చివరిదాకా చదివి నాలా ఉసూరుమనక్కర్లేదు.

3. నా సూదులు, మైనం పట్టించిన దారపు ఉండలు, కాగితాల మడత నొక్కే ఎముక పుల్ల పైవాటాలో ఉండే టైలరమ్మకు. అవి నా చేతికి అలవాటుపడ్డ వస్తువులు. ఆవిడ చేయి కూడా మంచిదే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆవిడదే.

4. రెక్కల రాకుమారుడి సీరీస్, అయిదు భాగాలు. ఊరంతా ఎగబడి చదువుతోందని మా అక్క కూతురు తెచ్చింది. ఆ పిల్ల నా షాపులోనే కుట్టుపని చేసేది. నోరు మూతపడేది కాదు కనుక టపాకాయ్ అనేవాళ్లం. ఒక్కో భాగం ఇటుకంత లావు. కాపీ ఒకటే, ఇద్దరిలో ఎవరికీ ఆగే ఓపిక లేదు. బైండింగ్ వాళ్లం కదా, వెన్ను దగ్గర కోసి రెండు ముక్కలు చేశాం. మొదటి సగం నాకు, రెండో సగం దానికి, ఆ తర్వాత మార్చుకోవాలని ఒప్పందం. నేను మార్చుకుని చదివాను. అది మాత్రం, "ముగింపు తెలిసిపోయాక ఇంక మొదలెందుకు పిన్నీ" అని తప్పించుకునేది. అయిదు భాగాలూ అలాగే అయ్యాయి.

మొదటి సగంలో రాకుమారుడు తాను ప్రేమించిన అమ్మాయిని కోటలో పెట్టి తాళం వేస్తాడు. తల్లి రాసిన ఉత్తరాలు తగలబెడతాడు. చెలికత్తెను తరిమేస్తాడు. రెండో సగంలో కాళ్ల మీద పడి ఏడుస్తాడు, ఆకాశంలో తిప్పుతాడు, సగం రాజ్యం రాసిస్తాడు. తర్వాతి భాగం తెరిస్తే మళ్లీ తాళం! రాసినావిడకు చేయి తిరిగిన మాట నిజమే, కౌగిలింతలు బాగా రాసింది. కానీ తాళం వేసినవాణ్ని చూసి మనకు ఒళ్లు పులకరించాలట. నాకు ఒళ్లు మండింది.

రెండో సగాలు అయిదింటినీ పాతకాగితాలవాడికి వేసెయ్యండి. మొదటి సగాలు అయిదూ కలిపి, ఒకే అట్టలో, నా చేత్తో కుట్టాను. ఇప్పుడది ఒకే కథ. నేను చేసిన ఆఖరి బైండింగ్ అదే. అది టపాకాయ్‌కు.

5. నా స్వార్జితమైన షాపు గది, దాని వెనక నేనుంటున్న గది, కటింగ్ మిషనుతో సహా, పైన చెప్పిన మా అక్క కూతురికే, దాన విక్రయాది సర్వహక్కులతో చెందవలసినది.

దాని భర్తది అద్దాలు కోసే షాపు. "అబ్బాయికి పిల్లంటే ప్రాణం" అంటూ సంబంధం తెచ్చింది మా అన్నయ్యే. పెళ్లయిన కొత్తలోనే అతను షాపుకొచ్చి, "ఇక పనికి రాదండీ, తనకి నేను చాలు" అన్నాడు, నవ్వుతూనే. తర్వాత దాని ఫోను తీసుకున్నాడు. తర్వాత బయట తాళం వేసి వెళ్లడం మొదలుపెట్టాడు. నన్ను చూడటానికి ఇద్దరూ కలిసి వచ్చిన రోజు నేను అడిగినవాటికి జవాబులన్నీ అతనే చెప్పాడు. అతను నీళ్ల కోసం లేచినప్పుడు దాని ముంజేతి మీద నల్లగా కమిలిన చోటు చూసి అడిగాను. "కోపం వస్తే అంతే. మారతాడు పిన్నీ, నాకు తెలుసు" అంది. ఎలా తెలుసో నాకు తెలుసు. ఏడుపొచ్చింది, దాని ముందు ఏడవలేదు.

అతన్ని వదిలేస్తేనే ఇస్తానని షరతు పెట్టడం లేదు. షరతులు పెట్టేవాళ్లు దానికి ఇప్పటికే ఉన్నారు. వెనక గదికి లోపలివైపు గట్టి గడియ వేయించాను. తాళంచెవి టైలరమ్మ దగ్గర ఉంటుంది. ఆ పిల్ల ఏ వేళ వచ్చినా, ఎన్నేళ్లకు వచ్చినా, తలుపు తీయాలి. ఎందుకొచ్చావని అడగకూడదు. మర్నాడు తిరిగి అతని దగ్గరికే వెళ్లిపోయినా తిట్టకూడదు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ తీయాలి. ఈలోగా గదులు అద్దెకివ్వకూడదు.

6. ఆస్తి పుచ్చుకునే మనిషి నాకంటే ముందే పోతే ఏంచెయ్యాలో కూడా రాయాలని దస్తావేజు రాసే ఆయన అన్నారు. "మామూలేనమ్మా, అందరికీ రాస్తాం" అన్నారు. నాకు కడుపులో కణితి, ఆ పిల్లకు ఇరవై ఆరేళ్లు. నవ్వి కొట్టిపారేయవలసిన మాట. కొట్టిపారేయలేకపోయాను.

కనుక రాయిస్తున్నాను. అలా జరిగితే ఈ గదులు గానీ, సామాను గానీ ఆమె భర్తకూ అతని తరఫువారికీ చెందవు. అన్నీ అమ్మి, ఆ పిల్ల ఎలా పోయిందో తేల్చడానికి మంచి వకీలును పెట్టాలి. జారిపడిందని అతను చెబితే నమ్మవద్దు.

ఈ నెల పదకొండో తేదీ, మంగళవారం. చదివించుకుని విన్నాను, నేను చెప్పినట్టే ఉంది.

సంతకం: బైండింగ్ షాపు యజమానురాలు

సాక్షులు:
నాకు వైద్యం చేసిన డాక్టరు
పక్క ప్రెస్సులో పనిచేసే కంపోజిటరు