తొట్టెల కట్టిన వ్యాన్

నిర్మల్,
6 ఫిబ్రవరి 1986

తమ్ముడికి,

నిన్న సాయంత్రం నాలుగింటికి మ్యాటడోర్ వ్యాన్ ఖాయం చేశాను. నువ్వు చెప్పిన జీపు వద్దన్నాను.

పిల్లలు నిద్రపోయే బండి అయితేనే పదిహేను రోజుల రామేశ్వరం ప్రయాణానికి వస్తానని నీ భార్య సరళ నాకు అమ్మతో చెప్పించింది. మనవలు లేకుండా అమ్మ కదలదు. అందుకే మీ పిల్లలిద్దరినీ రెండు బండ్లలోనూ ఇచ్చోడ దాకా తిప్పాను. జీపులో ఇద్దరూ వాంతి చేసుకున్నారు. వ్యాన్‌లో వెనుక సీటు తీయించి పరుపు వేసి, చిన్నదానికి తొట్టెల కట్టాం. ఘాట్ ఎక్కకముందే ఇద్దరూ నిద్రపోయారు.

"నీ తమ్మునికి గా జీపు మీద గంత మోజుంటే, అండ్లనే మన ఎనుక రమ్మను" అని అమ్మ నవ్వింది.

నువ్వు డ్రైవర్ పక్కన కూర్చోవాలి. సోమవారం పొద్దున ఆరింటికి బయలుదేరి, పదిన్నరకు కరీంనగర్‌లో మీ ఆఫీసు ముందు ఆగుతాం.

అన్న