పొగ మీద వేయవలసిన ఇంటు నా ముఖం మీద వేసినందుకు

శ్రీయుత జిల్లా విద్యాధికారి గారి సముఖమునకు,
కామారెడ్డి.

అర్జీదారు: పోచవ్వ, భర్త కీర్తిశేషులు ఎంకయ్య, తుమ్మలవాడ గ్రామం, పోచారం చెరువు దిగువ, నాగిరెడ్డిపేట మండలం.

విషయం: మా ఊరి బడిలో పర్యావరణ పాఠము నిమిత్తం గోడకు కట్టిన ఫ్లెక్సీ బొమ్మలో నా ముఖముపై గల ఎర్ర ఇంటు గుర్తును తీసివేయించుట గురించి, మరియు నా మనుమరాలు సాయిలత తిరిగి బడికి పోవుట గురించి.

అయ్యా,

ముందుగా తమ ఆరోగ్యం ఎట్లున్నది? పోయిన ఎండకాలం మా బడికి వచ్చినప్పుడు తమకు గొంతు పట్టి, గుక్కగుక్కకు నీళ్లు తాగుతూ మాట్లాడినారు. తగ్గిందని తలుస్తున్నాను. తగ్గకపోతే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవలెను. ఇంట్లో అమ్మగారు, పిల్లలు క్షేమమా? ముసలివాళ్లు ఉంటే ఈ చలిలో తెల్లవారి బయట తిరగనివ్వకండి. తమ కారు నడిపే ఆయనకు ఆ దినం మా బడి ముందర మోరీ రాయి తగిలి బొటనవేలి గోరు లేచింది. మళ్లీ వచ్చిందా? తమ ఆఫీసు గుమ్మం కాడ కూర్చునే అనిలమ్మ మోకాలు నొప్పి ఎట్లున్నది? పోయిన సోమవారం నేను వచ్చినప్పుడు తమరు మీటింగులో ఉన్నారు. ఆమె నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. "అవ్వా, నోటితోటి చెప్తె గాలికి పోతది. కాయితం మీద రాసుకొని రా" అన్నది. అందువలన ఈ కాగితం.

మా ఇంట్లో అందరి ఆరోగ్యం బాగున్నది. ఒక్క సాయిలత సంగతి బాగా లేదు. నా కొడుకు బిడ్డ, ఎనిమిదో తరగతి. జ్వరం లేదు, దగ్గు లేదు. బడికి పోవడం లేదు.

నేను మూడు తరగతులు చదివినాను. ఎల్లారెడ్డిలో అర్జీలు రాసే దేవన్నను అడిగి తీరు తెలుసుకున్నాను, అక్షరాలు నావే. సంగతికి ఒక అంకె వేయాలన్నాడు. కొన్ని సంగతులు ఒక అంకెలో పట్టడం లేదు, మన్నించవలెను.

1. పర్యావరణ పాఠం చెప్పే దివాకర్ సారు మంచివారు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే నా అర్జీ చదివి తమరు ఆయనను ఎక్కడికైనా బదిలీ చేస్తారేమోనని నాకు అన్నం దిగడం లేదు. బదిలీ చేయరాదు. ఆయనకు పాఠం ఉన్నది గాని బొమ్మలు లేవు. బడిలో ఉన్న ఒక్క అట్ట మీద మంచుగడ్డలు, వాటి మీద తెల్ల ఎలుగుబంటి. పిల్లలు దాన్ని చూసి "సారూ, గిది మన పోచారం అడవిల ఏ దిక్కున ఉంటది?" అని అడిగినారట. అప్పుడు సారు, మన ఊరి బొమ్మలతోనే మన పాఠం చేసుకుందాం, ఎవరి ఇంటి చుట్టుపక్కల వారు ఫోటోలు తీసుకురండి అని చెప్పినారు. ఇంతవరకు ఎవరి తప్పు లేదు.

2. సాయిలత తెల్లవారగానే లేచి వాళ్లమ్మ ఫోను పట్టుకొని వచ్చింది. సదరు సమయమున నేను ఇంటి వెనుక కవర్లు కాలబెడుతూ ఉన్నాను. కాలబెట్టిన మాట నిజం. ఎందుకు కాలబెట్టినానో అయిదో అంకెలో రాస్తాను. పొద్దు అప్పుడే పొడుస్తున్నది, పొగలో ఎండ పడింది.

"అవ్వా, కదలకు. పొగల నిలవడితె దేవత లెక్క కనవడుతున్నవ్" అన్నది.

"దేవత దగ్గుతదా బిడ్డా. జల్ది తియ్యి, కండ్లు మండుతున్నయి" అన్నాను.

ఆ ఫోటోకు బడిలో మొదటి బహుమతి వచ్చింది. స్టీలు సీసా ఇచ్చినారు. బిడ్డ దాన్ని తలాపున పెట్టుకొని పండుకుంది. మా కోడలు రమ కూడా ఆ దినం ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి చూపించింది. నేను ముసలిదాన్ని, నా ముఖానికి బహుమతి ఏమిటని లోపల భయపడ్డాను గాని పైకి అనలేదు.

3. కొన్నాళ్లకు సారు చేయించిన ఫ్లెక్సీ ఎల్లారెడ్డి నుండి వచ్చింది. బొమ్మ రెండు భాగములు. ఎడమ దిక్కున ఎవరో ఆడవాళ్లు, ఏ ఊరి వారో తెలియదు, ఇస్త్రీ చీరలు కట్టుకొని పచ్చ డబ్బాలో ఒకటి, నీలం డబ్బాలో ఒకటి వేస్తూ నవ్వుతున్నారు. వారి కింద టిక్కు. కుడి దిక్కున నేను. నొసటి నుండి గదుమ దాకా ఒకదానికొకటి అడ్డంగా రెండు ఎర్ర గీతలు. కింద "ఇలా చేయరాదు" అని ఉన్నది.

ఈ ఇంటు పడుతుందని బిడ్డకు ముందు తెలియదు. అందరితో పాటు తరగతిలోకి పోయి అప్పుడే చూసింది. ఆ దినం నుండి తోటి పిల్లలు దానికి పేరు పెట్టినారు.

"ఏ ఇంటూ, మీ అవ్వ ఇయ్యాల ఏం కాలవెట్టింది?"

"ఇంటూ, జర అటు జరుగు. పొగ వాసనొస్తున్నది."

పిల్లలు పిల్లలే, వారి మీద నాకు ఫిర్యాదు లేదు. వారి పేర్లు అడిగినా చెప్పను.

4. నా సంగతి. మా ఇంటాయన ఎంకయ్య పోయినప్పుడు రేషను కార్డులో ఆయన పేరుకు ఇంటు కొట్టినారు. ఆ నెల నుండి ఆయన బియ్యం ఆగినవి. ఓటరు కాగితంలోనూ అట్లే కొట్టినారు. మా దిక్కున మనిషికి ఇంటు కొట్టినారంటే ఆ మనిషి లేనట్టు. ఇప్పుడు నేను ఉండగానే నాకు కొట్టినారు. పింఛను ఇచ్చేవారు ఆ బొమ్మ చూస్తే ఏమనుకుంటారో. బస్సులో కండక్టరు ఆధార్ కార్డు చూసి నా ముఖం చూస్తే, కొంగు జరిపి నేనేనని చెప్పుకుంటున్నాను.

నా కొడుకు మస్కట్‌లో ఉంటాడు. ఎవరో ఆ బొమ్మను ఫోనులో పంపినారు. వెంటనే ఫోను చేసినాడు.

"హలో, ఎవరు మాట్లాడేది?"

"నేనే బిడ్డా, అమ్మను."

"నువ్వేనా? నిజంగ నువ్వేనా? మరి ఇంటెందుకు కొట్టిండ్రు?"

పని కాడ ఏడ్చుకుంటూ నిలబడ్డాడట. పొద్దంతా ఎండలో పని చేసే పిల్లగానికి ఇది అవసరమా అయ్యా.

5. కాలబెట్టిన కారణం. మాకు ఒక బర్రె ఉండేది. పాలు బాగా ఇచ్చేది. పోయిన ఏడాది మేత ముట్టడం మానేసి కడుపు ఉబ్బి చచ్చింది. పశువుల డాక్టరు కడుపు కోసి చూస్తే కవర్ల ముద్ద బయటపడింది, ఇడిసిన బట్టల మూటంత. నూనె కవర్లు, పాల కవర్లు, అన్నీ ఒకదానికొకటి చుట్టుకొని. అప్పటి నుండి పశువులు పోయే దారిలో కవరు కనిపిస్తే నేను ఏరుతాను. ఏరినవి ఎక్కడ పెట్టాలి? చెత్త ట్రాక్టరు పెద్ద వాడకు వస్తది, మా గల్లీకి రాదు. నడిపే పిల్లగాన్ని అడిగితే "అవ్వా, మీ గల్లీల ట్రాక్టర్ మర్లదు. మర్లితె మీ గోడ నాతోటి వస్తది" అన్నాడు. అందుకని కాలబెట్టినాను. పొగ మంచిది కాదని ఇప్పుడు తెలిసింది, మానినాను. ఏరిన కవర్లు సంచులలో నింపి బర్రె కొట్టంలో పెడుతున్నాను. కొట్టం సగం నిండింది. ఆ సంచుల సందున పాము చేరుతదేమోనని రాత్రి నిద్ర పట్టదు. ట్రాక్టరు తమ శాఖ కాదని దేవన్న చెప్పినాడు, అయినా రాసినాను. తమరికి అన్ని శాఖలవారు తెలిసి ఉంటారు.

6. ఈ సంగతులన్నీ దివాకర్ సారుకు పోయి చెప్పినాను. ఆయన కుర్చీ తెచ్చి వేసినారు.

"అవ్వా, ఇంటు నీ మీద కాదు. నువ్వు చేసే పని మీద."

"పని నా ముఖం మీద ఉన్నదా సారూ?"

ఆయన తల గోక్కున్నారు. "పోనీ, ముఖం ఎవరిదో తెల్వకుంట కండ్ల మీద నల్ల పట్టీ వేయిస్త."

"నల్ల పట్టీ పేపర్ల దొంగలకు వేస్తరు సారూ. ఇప్పటికి పొగ పెట్టినదాన్నే. ఇగ దొంగను గూడ చేస్తవా?"

తరువాత బర్రె సంగతి చెప్పినాను. సారు కుర్చీ దగ్గరికి జరుపుకొని "అవ్వా, ఆ ముద్ద ఉన్నదా? పిల్లలకు చూపిస్తె మస్తు పాఠమైతది" అని అడిగినారు. ఏం చేస్తారు, బొమ్మలు లేక లేక ఆయనకు ఏది చూసినా బొమ్మగానే కనబడుతున్నది. బర్రెతో పాటే పూడ్చినామని చెప్పినాను.

మరునాడు ఆయనే మా ఇంటికి వచ్చి సాయిలతను బడికి రమ్మని బతిమిలాడినారు. బిడ్డ వడ్ల గుమ్మి వెనుకకు పోయి బయటకు రాలేదు. ఫ్లెక్సీ తీసేస్తాననడానికి ఆయనకు నోరు రావడం లేదు. అది మండలంలో మొదటిగా వచ్చిందట. ఈ నెల ఇరవై రెండున తమరు వచ్చి చూసి, నచ్చితే అన్ని బడులకు అచ్చు వేయించి పంచుతారట. అంటే ప్రతి బడి గోడ మీద నేను, నా మీద ఇంటు. ఎల్లారెడ్డిలో నాకు చుట్టాలున్నారు.

7. అసలు సంగతి ఇది. పైవి చదవకున్నా సరే, దీన్ని చదవవలెను.

రమ బీడీలు చేస్తుంది. మా దిక్కున ఏ ఇంట్లో చూసినా ఒడిలో చాట, చాటలో తునికాకు. బడి మానినాక సాయిలత వాళ్లమ్మ పక్కన ఊరికే కూర్చుంది. ఊరికే కూర్చున్న చేతికి కత్తెర దొరికింది. ఇప్పుడు ఆకు కత్తిరిస్తున్నది. మొదట వంకరగా కత్తిరించేది, రమ నవ్వేది. మొన్న చూస్తే అచ్చు పెట్టి కోసినట్టు కత్తిరిస్తున్నది, ఆకు దిక్కు చూడకుండానే. రమ నవ్వడం మానింది.

"ఇది నాలుగొద్దుల ముచ్చటే గదనే, మళ్ల బడికి పోతది" అన్నాను.

రమ దారం చుట్టడం ఆపింది. "నేను గూడ నాలుగొద్దులకనే కూసున్న అత్తమ్మా. ఏడో తరగతిల" అన్నది.

అయ్యా, ఇంటు నా ముఖం మీద ఉన్నా నేను బతుకుతాను. ఎన్నాళ్లు బతుకుతాను, ముసలిదాన్ని. చేయి ఆకుకు మరిగిన తరువాత పుస్తకానికి రాదు. తంబాకు దుమ్ముకు రమ రాత్రులు దగ్గుతుంది. ఒక ఇంట్లో ఒక దగ్గు చాలు. పర్యావరణం కాపాడాలని చెప్పే పాఠం వల్లనే ఒక ఆడపిల్ల బడి మానిందంటే ఆ పాఠానికి కూడా మంచి పేరు రాదు కదా.

కావున తమరితో మనవి చేయునది ఏమనగా, ఫ్లెక్సీ తీయనక్కర లేదు, డబ్బులు పోసి చేయించినారు. ఇంటు మాత్రం జరిపించండి. నా ముఖం మీది నుండి తీయించి పొగ మీద వేయించండి. పొగ చెడ్డది, ఒప్పుకుంటాను. బొమ్మలో పొగకు నాకంటె ఎక్కువ జాగా ఉన్నది, ఇంటు ఎంత పెద్దదైనా పడుతది. అట్లే దివాకర్ సారుకు పాఠం బొమ్మలు కొన్ని పంపించవలెను. మన చెరువు, మన జింకలు, మన వరి ఉన్నవి పంపండి. మనుషులు ఉంటే వారిని అడిగి తీసినవి పంపండి. పిల్లలు ఆ బొమ్మల కింద కూర్చొని చదువుకోవాలి.

తప్పులుంటే ముసలిదాని చేయి వణికిందని తలచి, ఈ మాటలను తమ చిత్తములో ఉంచుకొనవలెనని దండం పెట్టి కోరుచున్న,

తమ విధేయురాలు, ఇంకా బతికే ఉన్న,
పోచవ్వ

తా.క. అర్జీ మడిచి కొంగున కట్టుకుంటే సాయిలత గుంజుకొని చదివింది. అక్షరాలలో తప్పులు దిద్దింది. అంతా చదివి, మళ్లీ రెండో అంకె కాడికి వచ్చి ఆగి, కాగితం ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

"పిల్లలు నన్ను ఏదో అన్నరని రాసినవ్ అవ్వా. గందుకు గాదు నేను పోనిది."

"మరి ఎందుకు బిడ్డా?"

"ఫోటో తీసింది నేను. కదలకు అంటె నువ్వు కదలకుంట నిలవడ్డవ్. ఆ ఇంటు నేనే కొట్టినట్టున్నది."

దగ్గరికి తీసుకుంటే రాలేదు, ఆకు కత్తిరిస్తూ ఉన్నది. తమరు చదువుకున్నవారు, దీనికి ఏం చెప్పాలో తమరికి తెలిసి ఉంటుంది.

తరువాత దానంతట అదే ఒక మాట అన్నది. తమరు వచ్చే దినం బడికి ఒక్కసారి వస్తుందట. లోపలికి కాదు, తరగతి గడప దాకా. గోడ చూస్తుందట. ఇంటు నా ముఖం మీదనే ఉంటే అటు నుండి అటే ఇంటికి మర్లి వస్తానన్నది, మళ్ల పొమ్మని అడగొద్దన్నది. సరే అన్నాను. అందుకని ఒక్క మాట. పెద్ద సార్లు అన్నాల వేళ దాటినాక వస్తారు, మా బడి ప్రార్థన గంట పొద్దున్నే కొడతారు. బిడ్డ ప్రార్థనకే వస్తుంది. తమరు దానికంటె ముందు రావలెను. ఈ నెల ఇరవై రెండో తారీఖు, శుక్రవారం.