లోడు దింపిన లారీ

చిన్నతల్లికి, నేను క్షేమమే, లారీ టాపే నొక్కుకుపోయింది.

ఇప్పుడు మా దారులన్నీ ఆఫీసు కంప్యూటరే వేస్తోంది. నిన్న రైలు వంతెన కింద నుంచి పంపింది. టైల్సు లోడుతో సాఫీగానే దాటాను. లోడు దింపాక మళ్ళీ అదే దారి చూపించింది. బరువు దిగితే స్ప్రింగులు లేస్తాయి, బండి నాలుగు వేళ్ళు ఎత్తవుతుంది, వంతెన కింద పట్టదు బాబూ అని ఫోన్‌లో మొత్తుకున్నాను. ఆ కంప్యూటరు చూసుకునే ఇంజనీరు "వెళ్ళేటప్పుడు పట్టిన బండి వచ్చేటప్పుడు ఎందుకు పట్టదండీ? దారి మార్చారంటే రిపోర్టు రాస్తాను" అన్నాడు. చేసేది లేక వెళ్ళాను, ఇరుక్కున్నాను. టైర్లన్నిట్లో గాలి తీసి బండిని వెనక్కి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతా చేసి, "డ్రైవరు అజాగ్రత్త" అని నా మీదే రాశాడు! ఇరవై రెండేళ్ల స్టీరింగుకు ఆ మాటా? ఒళ్ళు మండిపోతోంది.

కళ్ళకు వీఆర్ డబ్బా కట్టుకుని కాలేజీ లాబులో లారీ నడిపాం, అచ్చం రోడ్డు మీద ఉన్నట్టే ఉంది నాన్నా అని మొన్న మురిసిపోతూ రాశావు. మీ డబ్బాలో లారీ లోడు దింపితే లేస్తుందా? మాస్టారిని అడిగి రాయి.

అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి జోలికి తమ్ముణ్ణి పోవద్దను, నేనొచ్చి బిగిస్తాను.

సెలవులివ్వగానే నా పక్క సీట్లో ఒక్క ట్రిప్పు కూర్చో. పోయేటప్పుడు లోడుతో, వచ్చేటప్పుడు ఖాళీగా. ఆ తేడా నీ నడుముకు తెలిశాకే ఇంజనీరువి కావాలని దీవిస్తూ,

నాన్న